మోకాలు నొప్పున్నా, ఎండలు మండుతున్నా వ్యాయామం ఆగకుండా: తిరుపతి వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

"అన్నా, మోకాలు నొప్పి పెడతా ఉంది, నడక మానేయమంటావా?"
"ఈ ఎండల్లో ఎప్పుడు నడవాల సార్?"
"కాలు బెణికి నెలైంది, మళ్లీ మెట్లెక్కొచ్చా?"

ప్రకాశం పార్కులోనూ, యూనివర్సిటీ గ్రౌండులోనూ పొద్దున్నే కలిసేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. నిలబడి ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. యాభై దాటినవాణ్ణి, మోకాలు చెడగొట్టుకుని బాగు చేసుకున్నవాణ్ణి. రెండు నెలలు ఒళ్లు కదపకుండా ఉండి, ఒక ఆదివారం తిరుమల కొండకున్న మెట్ల దారుల్లో ఒకటైన శ్రీవారి మెట్టు గబగబా ఎక్కేశాను. పైన బస్సు క్యూ చూసి, అదే ఊపులో మెట్ల మీదుగానే దిగాను. సగం దిగేసరికి ఎడమ మోకాలి చిప్ప కింద సూదితో పొడిచినట్టు మొదలైంది. మర్నాడు స్నానాల పీట మీద నుంచి లేవలేక కుళాయి పట్టుకుని వేలాడాను. మళ్లీ మామూలుగా నడవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నదీ, తర్వాత ఆచరించి చూసుకున్నదీ కింద రాశాను.

చాలామంది చేసే తప్పు ఒకటే. నొప్పి రాగానే మొత్తం ఆపేస్తారు, తగ్గగానే ఆపినచోటి నుంచే అందుకుంటారు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది.

1. ముందు ఒంటి లెక్క తీసుకోండి

షూ కొనకముందే ఇంట్లో పావుగంట కేటాయించి ఈ నాలుగు పరీక్షలు చేసుకోండి. వచ్చిన అంకెలు తేదీతో సహా గోడ క్యాలెండర్ మీద రాయండి.

కుర్చీ పరీక్ష: చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్ల మగవాళ్లకు 14, ఆడవాళ్లకు 12 కంటే తక్కువ వస్తే కాళ్లలో ఉండాల్సినంత బలం లేదని అర్థం. వయసు తక్కువైతే ఇంకా ఎక్కువ రావాలి.

ఒంటికాలి పరీక్ష: గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి. 10 సెకన్లు నిలవలేకపోతే మెట్ల దారి సంగతి తర్వాత, ముందు నిలకడ సాధించాలి.

మెట్టు పరీక్ష: అద్దం ఎదుట, జానెడు కంటే తక్కువ ఎత్తున్న మెట్టు మీద ఒక కాలితో నిలబడి, రెండో కాలి మడమను మెల్లగా నేలకు తాకించండి. నిలబడిన కాలి మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలిపోతుంటే తుంటి పక్క కండరాలు పట్టు ఇవ్వడం లేదన్నమాట. నాకు మొదటి రోజు కనిపించింది ఇదే.

మడమ పరీక్ష: గోడను వేళ్లతో తాకుతూ, ఒంటికాలి మీద మడమ ఎత్తి దించండి. ఎన్నిసార్లు వచ్చిందనే దానికంటే కుడి ఎడమల మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం.

కింది వాటిలో ఏది ఉన్నా డాక్టర్ని కలిశాకే మొదలుపెట్టండి:

- నడిస్తే ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, మామూలుకు మించిన ఆయాసం, కళ్లు తిరగడం
- గుండె జబ్బు ఉండటం, లేదా స్టెంట్ వేయించుకుని ఉండటం
- ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడటం
- మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు వాడటం (ఎండల్లో మోతాదు గురించి అడగాలి, సొంతంగా ఆపకూడదు)
- పాదాల్లో స్పర్శ తగ్గడం
- ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం (ఇది ఆ రోజే చూపించాలి)

షుగర్‌కు ఇన్సులిన్ గానీ అలాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు బయలుదేరే ముందు ఒక చుక్క రక్తం చూసుకోవాలి. 100 లోపు ఉంటే ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తిని కదలాలి. జేబులో గ్లూకోజు గానీ, కాగితంలో చుట్టిన చక్కెర గానీ ఎప్పుడూ ఉండాలి.

2. సామాను

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ వెనక భాగం నొక్కితే అణగకూడదు. అడుగు ఒక పక్కే అరిగిపోయిన షూను ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టేయండి.

లేత రంగు వదులు బట్టలు, అంచున్న టోపీ, తువ్వాలు, లీటరు నీళ్ల సీసా, ఒక క్రేప్ బ్యాండేజ్, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే ఎండాకాలంలో చాలా పనికొస్తుంది, ఎందుకో నాలుగో భాగంలో చెబుతాను.

3. ఏడాదిని మన వాతావరణం ప్రకారం పంచుకోండి

ఎక్కడో చలి ఊళ్లో రాసిన వ్యాయామ ప్రణాళికను తిరుపతిలో అమలు చేయబోతే మే నెలలో దెబ్బతింటాం. మన ఏడాది వేరు.

డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా: ఒంటి బలం పెంచుకోవాల్సిన కాలం ఇదే. దూరం, మెట్లు, వేగం ఏది పెంచాలన్నా ఈ నెలల్లోనే. చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి మొదటి పది నిమిషాలు నిదానంగా నడవాలి.

మార్చి నుంచి జూన్ దాకా: సంపాదించుకున్నది నిలబెట్టుకోవాలి, పెంచకూడదు. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే రోజులు ఎన్నో ఉంటాయి. కొండ రాయి, సిమెంటు రోడ్డు పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటాయి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా: ఎండ కాస్త తగ్గినా ఉక్క తగ్గదు. చెమట ఆరదు, అందుకే 34 డిగ్రీలకే ఒళ్లు సొమ్మసిల్లుతుంది. చాలామంది ఏమరుపాటుగా ఉండేది ఈ నెలల్లోనే.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా: మనకు అసలు వానలు ఇప్పుడే, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరు వరదలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, 2022 మే దాకా మూసే ఉంది. అందుకే ఈ కాలానికి ఇంట్లో చేసుకునే కార్యక్రమం ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

మదనపల్లె వైపు ఉండేవాళ్లకు ఎత్తు వల్ల ఎండ కొంచెం నయం. అక్కడి నుంచి తిరుపతికి వచ్చి మే నెలలో కొండెక్కేవాళ్లు మాత్రం తమ ఊరి లెక్కతో ఎక్కకూడదు.

4. ఎండాకాలం: గంట కాదు, వేడి చూసి నడవండి

మేలో మనకు సూర్యోదయం 5:45 ప్రాంతంలో. నడక అప్పటికే మొదలై, 7 లోపు అయిపోవాలి. సాయంత్రం నడిచేవాళ్లు 6 గంటలకే రోడ్డెక్కొద్దు, నేల వేడి దిగేదాకా ఆగండి. మట్టి దారి, చెట్ల నీడ ఉన్నచోటు తారు రోడ్డు కంటే ఎప్పుడూ మేలు.

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి ఒక వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఏసీ ఆఫీసులో పనిచేసేవాళ్లు మార్చి చివర్లో ఈ అలవాటు మెల్లగా చేసుకోవాలి. మొదటి రెండు రోజులు మామూలు నడకలో సగం, తర్వాత రెండు మూడు రోజులకు ఒకసారి ఐదేసి నిమిషాలు కలుపుకుంటూ పోవాలి. మధ్యలో వారం ఊరెళ్లి ఏసీ గదిలో ఉండి వస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది, మళ్లీ సగం నుంచే మొదలు.

వేగానికి మాటే కొలత. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే ఎండాకాలానికి ఆ వేగం ఎక్కువ.

ఎంత నీళ్లు తాగాలని అందరూ అడుగుతారు. అందరికీ ఒకే లెక్క చెప్పడం కుదరదు. మీ లెక్క మీరే ఇలా కనుక్కోండి:

- నడకకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, పల్చని బట్టలతో బరువు చూసుకోండి.
- గంట నడిచి వచ్చాక చెమట తుడుచుకుని, అవే బట్టలతో మళ్లీ చూసుకోండి.
- తగ్గిన ప్రతి కిలోకూ సుమారు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్లు దానికి కలపండి.
- బరువులో నూటికి రెండు వంతుల కంటే ఎక్కువ తగ్గిందంటే తాగింది చాల్లేదు.
- బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగుతున్నారు. అదీ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

నాకు మే నెలలో గంటకు ముప్పావు లీటరు పోతుంది. మా తమ్ముడికి లీటరుంపావు. ఒకే ఇంటి వాళ్లం, ఒకే దారిలో నడిచాం.

గంటలోపు నడకకు మామూలు నీళ్లు చాలు. అంతకు మించితే ఉప్పు కావాలి. ఉప్పేసిన పల్చని మజ్జిగ, రాగి అంబలి మనకు తరతరాల అలవాటు, వాటిని మించినవి నాకు కనబడలేదు. ఓఆర్ఎస్ కొంటే ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి, మొత్తం ప్యాకెట్టును ఒక లీటరు నీళ్లలో కలపండి. గ్లాసులో సగం ప్యాకెట్టు పోసి కలపడం తప్పు. ప్యాకెట్టు దొరకనప్పుడు లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి). బీపీ, కిడ్నీ సమస్య, షుగర్ ఉన్నవాళ్లు ఇవి డాక్టర్ని అడిగి తాగాలి.

ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు చేటు. మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా ఎండలో నడిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. దయచేసి అలా చేయకండి.

వెంటనే ఆగాల్సిన గుర్తులు: తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, ఎండలోనూ ఒళ్లు జలదరించడం. నీడకు చేరి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి పడుకుని, మెడకు, చంకలకు తడిగుడ్డ పెట్టి, గుక్కగుక్కగా తాగాలి.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేయించి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా దొరికిన నీళ్లన్నీ ఒంటిమీద పోసి విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

5. వానాకాలం: ఇంట్లో ముప్పై నిమిషాలు

ఉరుము వినబడితే బయట ఉండొద్దు, చెట్టు కింద అసలే వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి రండి. తడిసిన రాతి మెట్లు, నాచు పట్టిన పేవ్‌మెంట్, నీళ్లు నిలిచిన రోడ్డు, ఈ మూడూ బెణుకులు తెచ్చిపెట్టేవే.

వాన రోజు వరస ఇది: హాల్లో ఐదు నిమిషాలు అటూ ఇటూ నడక, కుర్చీ మీంచి లేచి కూర్చోవడం 10, గోడకు చేతులానించి దండాలు 10, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం 10, మడమలు ఎత్తడం 15, ఒంటికాలి మీద చెరో అరనిమిషం. ఇదంతా మూడు చుట్లు. అపార్ట్‌మెంట్ వాళ్లకు మెట్లు ఉండనే ఉన్నాయి, తడి లేదని చూసుకుని ఎక్కండి.

జ్వరం వస్తే వ్యాయామం లేదు. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఉంటుంది, అందుకే తగ్గింది కదా అని పార్కుకు రావొద్దు. చికున్‌గున్యా తర్వాత కీళ్ల నొప్పులు వారాల తరబడి, కొందరికి నెలల తరబడి ఉంటాయి. అప్పుడు కింద ఏడో భాగంలో చెప్పే మార్కుల పద్ధతి పాటించండి.

6. దెబ్బ తగిలితే: మొదటి మూడు రోజులు

కాలు మడత పడింది, చీలమండ వాచింది అనుకోండి. ముందు తేల్చుకోవాల్సింది ఎముక విరిగిందా లేదా అన్నది. ఈ గుర్తుల్లో ఒక్కటున్నా ఎక్స్‌రే తీయించాలి:

- దెబ్బ తగిలిన వెంటనే గానీ, తర్వాత గానీ ఆ కాలి మీద బరువు మోపి నాలుగడుగులు వేయలేకపోవడం
- చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల కొస మీద గానీ, వెనక అంచున గానీ నొక్కితే తీవ్రమైన నొప్పి
- పాదం బయటి అంచు మధ్యలో గానీ, లోపలి వైపు మధ్య ఎముక మీద గానీ నొక్కితే అలాంటి నొప్పి
- ఆకారం మారడం, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కడం

మన జిల్లాల్లో ఇక్కడే ఇంకో మాట వస్తుంది. మా పక్కింటి పెద్దమ్మ నా కాలు చూడగానే, "నాయనా, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోని రా" అంది. విరిగిన ఎముకలకు నాటు పద్ధతిలో కట్టే ఆ పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్లను నేను కాదనను. ఒక్కటి మాత్రం చేతులు జోడించి అడుగుతాను: ముందు ఎక్స్‌రే. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, కీలు తప్పినా, పిల్లలకు మోచేతి దగ్గర దెబ్బ తగిలినా నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికే. ఏ కట్టు కట్టించుకున్నా వేళ్లు నీలంగా మారితే, తిమ్మిరెక్కితే, నొప్పి పెరుగుతూ పోతే అర్ధరాత్రైనా విప్పించాలి.

విరగలేదని తేలాక:

మొదటి రోజు నుంచి మూడో రోజు దాకా: కాలు గుండె కంటే ఎత్తులో పెట్టండి. క్రేప్ బ్యాండేజ్ వేళ్ల వైపు నుంచి పైకి చుట్టండి, రాత్రి విప్పేయండి. నొప్పికి ఐసును గుడ్డలో చుట్టి 10–15 నిమిషాలు పెట్టొచ్చు. వేడి కాపడం, నూనె రాసి గట్టిగా తోమించడం ఈ మూడు రోజులూ వద్దు, వాపు పెరుగుతుంది.

మొదటి రోజు సాయంత్రానికే పాదంతో గాలిలో అక్షరాలు రాయడం మొదలుపెట్టొచ్చు, నొప్పి భరించగలిగినంత వరకే. కాలు మంచం మీద ఉన్నా చేతులు, నడుము, రెండో కాలు బాగానే ఉన్నాయి కదా. కూర్చుని నీళ్ల సీసాలతో చేతుల వ్యాయామం చేయండి. ఆ మూడు రోజులూ రోజుకు పది నిమిషాలు ఏదో ఒకటి చేసినవాళ్లకు తిరిగి మొదలుపెట్టడం తేలిక.

7. నొప్పికి మార్కులు వేయండి

ఇది ఒక్కటి వంటబడితే సగం టెన్షన్ పోతుంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఊహకందనంత.

చేసేటప్పుడు 0–3: కొనసాగించండి.
4–5: సగానికి తగ్గించండి. దూరమో, మెట్లో, మోకాలు వంచే లోతో ఏదో ఒకటి.
5 దాటితే: ఆ రోజుకు ఆ పని ఆపి, నొప్పి లేని వేరే పని చేయండి.

చేసేటప్పుడు వేసిన మార్కు సగం పరీక్షే. అసలు పరీక్ష మర్నాటి ఉదయం. మంచం దిగి పది అడుగులు వేసి చూడండి. నొప్పి నిన్నటి ఉదయం కంటే ఎక్కువగా ఉంటే, కీలు బిగుసుకుని ఉంటే, కొత్తగా వాపు వస్తే నిన్న చేసింది ఎక్కువైందని. నిన్నటిలాగే ఉంటే సరిపోయింది.

కండరం నొప్పిని కీలు నొప్పితో కలపొద్దు. కొత్త వ్యాయామం చేసిన మర్నాడో ఎల్లుండో రెండు తొడలూ సమానంగా పీకుతుంటే అది కండరం, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే పోటు, అదీ ఒక్క పక్కే ఉంటే, దాన్ని పట్టించుకోవాలి.

మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు చాపలేకపోవడం, నడుస్తుంటే కాలు ఒక్కసారిగా వంగిపోవడం, జ్వరంతో పాటు కీలు ఎర్రబడి వాయడం, నడుం నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పడం, ఇవి మార్కులతో తేల్చుకునేవి కావు. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి.

8. మోకాలు: మెట్ల ఊరి వాళ్ల అసలు సమస్య

చదునుగా నడిచేటప్పుడు మోకాలి కీలు మీద శరీర బరువుకు రెండున్నర రెట్ల భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టమనుకుంటాం, మోకాలు చెడేది ఎక్కువగా దిగేటప్పుడు. ఆ భారాన్ని మోయాల్సింది తొడ ముందు కండరం, తుంటి, పిక్క. అవి మోయకపోతే చిప్ప మీద పడుతుంది.

నాకు నేర్పిన ఫిజియోథెరపిస్టు నా మోకాలు ముట్టుకునే ముందు ఒక పని చేయించారు. "సార్, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకోండి. ఇప్పుడు దాన్ని మంచానికేసి నొక్కండి" అన్నారు. కుడికాలితో నొక్కితే చిప్ప పైన కండరం రాయిలా గట్టిపడింది. ఎడమకాలితో నొక్కితే వేలు పెడితే దిగబడేంత మెత్తగా ఉంది. నా నొప్పికి కారణం ఆ మెత్తదనంలోనే నాకు కనబడింది.

మొదటి మెట్టు (నొప్పి 4 పైన ఉన్నప్పుడు, రోజూ):
- తువ్వాలు నొక్కడం: 5 సెకన్లు పట్టి వదలడం, 10 సార్లు
- వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండోది తిన్నగా అడుగు ఎత్తు లేపడం: 10 సార్లు
- పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం: 10 సార్లు. బొటనవేలు ఆకాశం వైపు తిరగనివ్వొద్దు

రెండో మెట్టు (నొప్పి 3 లోపు, రోజు మార్చి రోజు):
- గోడకు వీపు ఆనించి సగం కూర్చోవడం: 20 సెకన్లతో మొదలుపెట్టి 45 దాకా
- కుర్చీ మీంచి లేవడం: లేచేటప్పుడు మామూలుగా, కూర్చునేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ, 10 సార్లు
- నడుము ఎత్తడం: 12 సార్లు
- మడమలు ఎత్తడం: 15 సార్లు

మూడో మెట్టు (రెండో మెట్టు రెండు వారాలు ఇబ్బంది లేకుండా సాగాక):
- మెట్టు మీద నుంచి మడమ తాకించడం, మొదటి భాగంలోని పరీక్షే: 8 సార్లు. మోకాలు రెండో వేలి దిక్కుగానే వంగాలి
- ఒంటికాలితో నడుము ఎత్తడం: 8 సార్లు

అన్నీ మూడేసి చుట్లు. మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) వేసుకుంటే ధైర్యంగా ఉంటుందని కొందరంటారు, నడకకు వేసుకోండి, తప్పులేదు. ఈ కసరత్తులకు బదులుగా మాత్రం అది పనికిరాదు.

9. మడమ నొప్పి, తిరగబెట్టే బెణుకు

పొద్దున మంచం దిగగానే మడమ కింద మేకు గుచ్చినట్టుండి, పది అడుగులకు తగ్గితే అది సాధారణంగా అరికాలి పట్టీ నొప్పి. ఇంట్లో గచ్చు మీద ఉత్తకాళ్లతో నడవడం ఆపి, మెత్తటి చెప్పులు వేసుకోండి. కాలి వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మెట్టు అంచున నిలబడి, మూడు సెకన్లలో మడమ ఎత్తి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించండి. 12 సార్లు, మూడు చుట్లు, రోజు మార్చి రోజు. ఇది నెలల లెక్కలో తగ్గే నొప్పి, వారానికే విసుగు చెందకండి.

ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణకడానికి కారణం, వాపు తగ్గగానే నిలకడ కూడా వచ్చేసిందనుకోవడం. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం అలవాటు చేసుకోండి, రెండు నిమిషాలు, కాళ్లు మార్చుకుంటూ. కుదిరాక దిండు మీద నిలబడి చేయండి, అప్పుడు మాత్రం పక్కన గోడో కిటికీ ఊచో చేతికి అందేలా ఉండాలి.

10. తిరిగి మెట్ల దాకా: ఎనిమిది వారాలు

శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, సుమారు 2.1 కిలోమీటర్లు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. తక్కువ మెట్లని శ్రీవారి మెట్టుతో మొదలుపెడతారు చాలామంది, నేనూ అలాగే దెబ్బతిన్నాను. అక్కడ ఊపిరి పీల్చుకోవడానికి చదును చాలా తక్కువ. అలిపిరి దారిలో గాలి గోపురం దాకా గట్టిగా ఎక్కాలి, తర్వాత చాలా దూరం తేలిగ్గా సాగి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారు. మోకాలు బాగు చేసుకున్నవాళ్లకు అలిపిరే నయం.

- 1వ వారం: చదును నేల మీద 20 నిమిషాలు, ఐదు రోజులు. ఎనిమిదో భాగం కసరత్తులు మూడు రోజులు, చివరిదాకా ఇవి ఆపొద్దు.
- 2వ వారం: 30 నిమిషాలు.
- 3వ వారం: రెండు రోజులు మిద్దె మెట్లు, రోజుకు 200 ఎక్కి దిగడం.
- 4వ వారం: 400.
- 5వ వారం: అలిపిరిలో మొదటి 500 మెట్లు ఎక్కి, నిదానంగా దిగడం, ఒకసారి.
- 6వ వారం: వెయ్యి దాకా.
- 7వ వారం: గాలి గోపురం దాకా.
- 8వ వారం: మూడు రోజులు తేలికపాటి నడక, ఒక రోజు పూర్తి విశ్రాంతి, తర్వాత మొత్తం కొండ.

మర్నాటి ఉదయపు మార్కు పెరిగితే అదే వారం మళ్లీ చేయండి. మధ్యలో రెండు వారాలు ఆగిపోతే రెండు వారాలు వెనక్కి వెళ్లండి. పెళ్లిళ్లు, ఊళ్లు, జ్వరాలు అందరికీ ఉంటాయి, వెనక్కి వెళ్లడానికి మొహమాటపడకండి.

ఉత్తకాళ్లతో ఎక్కే మొక్కు ఉంటే నెల ముందు నుంచి పార్కు మట్టి దారిలో రోజూ పది నిమిషాలు చెప్పుల్లేకుండా నడిచి అలవాటు చేసుకోండి. షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు ఈ మొక్కు పెట్టుకోవద్దు, ఒక చిన్న పుండు చాలు ప్రాణం మీదికి రావడానికి.

2023లో అలిపిరి దారిలో చిరుత దాడులు జరిగాక వేళల మీద ఆంక్షలు వచ్చాయి. బయలుదేరే ముందు టీటీడీ చెప్పే వేళలు చూసుకోండి. ఎండ తప్పించుకోవడానికి చీకట్లో ఒంటరిగా వెళ్లొద్దు, గుంపుతో కలిసి నడవండి, పిల్లల చేయి వదలకండి.

ఎక్కే రోజుకు:

- ముందు రాత్రి మామూలు భోజనం, ఏడు గంటల నిద్ర
- బయలుదేరే గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో
- బ్యాగు కింద కౌంటర్లో ఇచ్చేయండి, పైకి ఉచితంగా చేరుస్తారు. నీళ్లు, రోజూ వేసుకునే మాత్రలు, ఫోను మీ దగ్గరే ఉంచుకోండి
- మొదటి 500 మెట్లు కావాలనే నెమ్మదిగా. పాదం మొత్తం మెట్టు మీద ఆనాలి
- పదిహేను నిమిషాలకోసారి రెండు నిమిషాలు ఆగడం, అలసట రాకముందే
- మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కే ఆచారం ఉంది. మోకాలి సమస్య ఉన్నవాళ్లు నిలబడి ఎక్కి దండం పెట్టుకోండి
- దిగడం బస్సులోనే, మొదటి మూడుసార్లూ. క్యూ ఎంత పొడుగున్నా సరే

నాలుగోసారి నుంచి దిగాలనుకుంటే కొంచెం దూరమే, పక్క గోడో కమ్మీయో పట్టుకుని, నొప్పి ఉన్న కాలిని ముందు కింది మెట్టు మీదికి దించండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. మర్నాడు ఉదయం మంచం దిగి పది అడుగులు వేసి, మోకాలికి ఎన్ని మార్కులో క్యాలెండర్ మీద రాసుకోండి.